డ్రిల్లు సారు లెక్కల పీరియడు

కొలువులో ఉన్నన్నాళ్లూ నేను ఎండలోనే బతికాను. నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. పిల్లల నోట డ్రిల్లు సారును. మెడలో విజిలు, నెత్తిన టోపీ, చంకలో వాలీబాలు. తరగతి గదిలో నాకు పనేమీ ఉండేది కాదు. వాన పడితే పిల్లలతో పాటు వరండా ఎక్కేవాణ్ని, అంతే. అలాంటివాణ్ని ఒక ఏడు పదో తరగతికి లెక్కలు చెప్పాను. నవ్వకండి. మీలో కొత్తగా బడుల్లో పంతుళ్లుగా చేరినవాళ్లు, చేరబోతున్నవాళ్లు ఉంటారు కాబట్టి ఆ సంగతి మీకు చెప్పాలనిపించింది. పదవీ విరమణ తర్వాత కరీంనగర్‌లో ఇంటి ముందు కూర్చొని వెనక్కి చూసుకుంటే, నేను గెలిపించిన జట్ల కంటే ఆ ఏడే ఎక్కువ గుర్తొస్తుంది.

ముందు నా గురించి నాలుగు మాటలు. మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. బాపు వేరేవాళ్ల షెడ్డులో మరమగ్గాలు నడిపేవాడు. పదో తరగతిలో నేను లెక్కల్లో తప్పాను. మా సారు బాపును బడికి పిలిపించి, "మీ పిలగానికి లెక్కల తెలివి లేదు. ఏం జేసినా రాదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పినట్టు చెప్పాడు. బాపు నమ్మాడు, నేనూ నమ్మాను. సప్లిమెంటరీలో ఎట్లాగో గట్టెక్కి, కాళ్లలో కాస్త వేగం ఉంది కనుక ఆటల వైపు వచ్చి, శిక్షణ పూర్తి చేసి కొలువు తెచ్చుకున్నాను. తెలివి అనేది పుట్టినప్పుడే ఎవరికెంతో పంచేసి పెట్టిన సరుకని, మార్కులు దాన్ని తూచే తక్కెడని చాలా ఏళ్లు అనుకున్నాను.

నేను చెప్పే బడి ఇచ్చోడ దగ్గర హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో ఉండేది. చుట్టూ పత్తి చేలు. పిల్లల్లో కొందరు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, కొందరు మరాఠీ, కొందరు గోండి. బడిలో మాత్రం అందరికీ పుస్తకం తెలుగే. ఆ ఏడు బడి తెరిచిన కొద్ది రోజులకే బదిలీలు జరిగాయి. లెక్కల సారు సొంత ఊరి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన చోటుకు రావలసిన మనిషి రాలేదు. మా ప్రధానోపాధ్యాయురాలు, మేమంతా పెద్ద మేడం అనేవాళ్లం, రాయాల్సిన చోటికల్లా రాసింది, వెళ్లాల్సిన చోటికల్లా వెళ్లింది. చివరికి ఒకరోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచింది.

"సార్, ఎవ్వరు వచ్చెటట్టు కనవడ్తలేదు. పదోతరగతి పిల్లలు లెక్కల పీరియడంత ఖాళీగ కూసుంటుండ్రు. జర మీరు పోయి కూసోండ్రి."

"మేడం, నేను పోయి ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకుండ్రి. లొల్లి గాకుంట జూస్తె సాలు."

ఏమీ చేయకుండా కూర్చోవడమే కదా, అది నాకు చేతనవుతుందనుకొని వెళ్లాను.

నన్ను చూడగానే ఆటల పీరియడు అనుకొని వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు అప్పుడే లేచి తలుపు వైపు బయలుదేరారు. వాళ్ల ముందు మా ఖోఖో జట్టు కెప్టెన్. సన్నగా, పొడుగ్గా ఉండే మరాఠీ వాళ్ల అమ్మాయి. ఊళ్లో, బడిలో అందరూ ఆమెను కెప్టెన్ అనే పిలిచేవాళ్లు. మైదానంలో ఆమెను పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. తరగతిలో ఆమెను పట్టించుకునేవాళ్లూ ఉండేవాళ్లు కాదు. మార్కులు అంతంత మాత్రం.

"గ్రౌండుకేనా సార్?" అంది.

"గ్రౌండు లేదు, గీడ్నే కూసోండ్రి. గిది లెక్కల పీరియడు."

"మీకు లెక్కలొస్తయా సార్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ మైదానంలో పనిచేసేవాడికి అబద్ధం అలవాటు కాదు. బంతి గీత లోపల పడిందో బయట పడిందో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. "రావు బిడ్డా. పదిల నేను లెక్కలల్లనే ఫెయిలైన" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. ఆ తర్వాత ఎందుకో, తలుపు దాకా పోయినవాళ్లు కూడా వెనక్కి వచ్చి కూర్చున్నారు. ఒక సారు నోటి నుంచి ఆ మాట వినడం వాళ్లకు అదే మొదటిసారి కావచ్చు.

కొన్ని రోజులు కాపలా కాశాను. మనిషికి ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒకరోజు తోచక పాఠ్యపుస్తకం తీసి, మొదటి పాఠంలో ఒక లెక్క బోర్డు మీద వేసి చూశాను. పిల్లల కోసం కాదు, నాకోసమే. చివరికి వచ్చిన జవాబు పుస్తకం వెనక ఉన్న జవాబుతో కలవలేదు. సుద్దముక్క పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. వీపు వెనక నలభై జతల కళ్లు.

వెనక బెంచీ నుంచి కెప్టెన్ గొంతు వినిపించింది. "ఇంకోటి సార్!"

మైదానంలో అది నా మాట. సర్వీసు నెట్టుకు తగిలితే నేను తిట్టేవాణ్ని కాదు, "ఇంకోటి" అని అరిచేవాణ్ని. అంటే అయిపోయినదాన్ని వదిలేసి ఇంకో బంతి వేయమని. ఇప్పుడు నా మాటను నా మీదే వేసింది ఆ పిల్ల. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బోర్డు తుడిచి మళ్లీ వేశాను. మళ్లీ తప్పింది. ఈసారి క్లాసంతా అరిచింది. మూడోసారికి ఎక్కడ పొరపాటు పడ్డానో మధ్య బెంచీ పిల్ల ఒకామె కనిపెట్టింది.

అలా మొదలైంది. ఆ పీరియడులో నేను చెప్పిందేమీ లేదు, నాకు తెలిస్తే కదా. అందరం కలిసి ఒక లెక్క మీద పడేవాళ్లం. ఎవరికి ఎక్కడ తట్టితే వాళ్లు లేచేవాళ్లు. మైదానంలో చేసినట్టే జట్లు కట్టించాను. నేర్చుకున్నదాన్నే మళ్లీ మళ్లీ చేయించేవాణ్ని, ఎందుకంటే ఆటల్లో నాకు తెలిసిన విద్య అదొక్కటే. సాయంత్రం ఇంటికి పోయాక, బదిలీ మీద వెళ్లిపోయిన లెక్కల సారుకు ఫోన్ చేసి మర్నాటి లెక్కలు చెప్పించుకునేవాణ్ని. పాపం, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. "నేను ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినట్టే లేదు సార్, నా పీరియడు నా ఎనుకనే వచ్చింది" అని మాత్రం అనేవాడు.

స్టాఫ్‌రూములో మాత్రం నాకు రోజూ పరీక్షే. మా తెలుగు సారు నాకంటే పెద్దవాడు, నిర్మల్ నుంచి బస్సులో వచ్చిపోయేవాడు. పద్యం ఎత్తుకుంటే వరండాలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. నన్ను తమ్మీ అనేవాడు.

"తమ్మీ, నీకు గీ పరేషానెందుకు? పిల్లలు రెండే తీర్లు. తెలివున్నోళ్లు, తెలివి లేనోళ్లు. ఉన్నోళ్లు మనం లేకున్నా పాసైతరు. లేనోళ్లు మనమున్నా పాస్ గారు."

"మరి మనమెందుకన్నా?"

"గంట కొట్టనీకి" అని ఆయనే ముందు నవ్వేవాడు.

నేనూ నవ్వేవాణ్ని. అప్పటికి నాదీ ఆయన పార్టీనే కదా.

ఇక మొదటి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి దగ్గరికి వస్తాను. ఆరో తరగతి నుంచి ఆమెదే ఫస్టు. ఆమెను గురించి ఎవరు మాట్లాడినా "తెలివిగల్ల పిల్ల" అనకుండా ఉండరు. వాళ్ల బాపు ఇచ్చోడలో పత్తి కాంటా నడిపేవాడు. రైతులు బండ్ల మీద పత్తి తెస్తే తూకం వేసి మిల్లులకు పంపేవాడు. కాంటా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ కూతురి గురించి చెప్పేవాడు. "మా బిడ్డ ఇంట్ల పుస్తకమే వట్టదు. అయినా ఫస్టే. దేవుడిచ్చిన తెలివి" అని.

నా పీరియడులో ఈ అమ్మాయి నోరు విప్పేది కాదు. బోర్డు దగ్గరికి రమ్మంటే తల అడ్డంగా ఊపేది. జట్టులో కలిసేది కానీ చివరి జవాబు వచ్చేదాకా పెన్ను కదిపేది కాదు. డ్రిల్లు సారు దగ్గర మనం నేర్చుకునేదేముందిలే అనుకుంటోందేమో అని నేననుకున్నాను. అనుకోవడానికి ఆమెకు హక్కు కూడా ఉంది.

మొదటి పరీక్ష వచ్చింది. లెక్కల పరీక్ష రోజు మొదటి బెంచీలో ఆమె చోటు ఖాళీ. పొద్దున ప్రార్థనలో చూసిన గుర్తుంది నాకు. పిల్లలంతా రాస్తుండగా వెతికితే, నెట్లు, తాళ్లు, పాత బంతులు పడేసే ఆటసామాన్ల గదిలో ఒక మూల కూర్చొని ఉంది.

"తలకాయ నొస్తుంది సార్" అంది.

మ్యాచుకు ముందు కాలు నొప్పి అనే పిల్లలను నేను చాలామందిని చూశాను. నిజంగా నొప్పి ఉన్న పిల్ల కాలు చూపిస్తుంది, భయపడిన పిల్ల నేలను చూస్తుంది. ఈమె నేలను చూస్తోంది. నేనూ కింద కూర్చున్నాను.

"పేపర్ మంచిగనే ఉన్నది బిడ్డా. ఎందుకు రాస్తలేవు?"

పక్కనున్న తాడు కొసను వేలికి చుట్టుకుంటూ అంది, "తప్పుతె ఎట్ల సార్?"

"తప్పుతె ఏమైతది? నేను దినాం మీ ముంగట తప్పుతలేనా?"

"మిమ్ములను ఎవ్వలేమంటరు సార్, మీరు డ్రిల్లు సారు. నేను తప్పుతె నాకు తెలివి లేదని అందరికి ఎర్కయితది."

"నీకా? నువ్వు సదువకుంటనే ఫస్టొస్తవని ఊరంతా అంటరు గద."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. కళ్లు నిండిపోయాయి. "సదువుతనే ఉన్న సార్. మా ఇంటెనుక పత్తి బస్తాలుంటయి. గా బస్తాల సందుల కూసోని సదువుత. బాపు కాంట కాడికి పోంగనే కూసుంట, వచ్చే యాల్లకు పుస్తకం దాసిపెడ్త. నన్ను గన్న అవ్వకు గూడ ఎర్కలే."

"దాసుడెందుకమ్మా?"

"కష్టపడి సదివిన అని తెలిస్తె, ఇంక తెలివి ఏం మిగుల్తది సార్?"

మైదానం మాటే నాకు తోచింది. "గ్రౌండుల అందరికంటె ఎక్కువ సేపు ప్రాక్టీస్ జేసే పిల్లను ఎవ్వలన్న తక్కువ జేసి మాట్లాడుతరా?" అన్నాను.

"గ్రౌండు వేరే సార్. క్లాసు వేరే" అంది.

నిజమే. మైదానంలో చెమట పట్టిన పిల్లను మెచ్చుకుంటాం. క్లాసులో చెమట పట్టకుండా ఫస్టు వచ్చిన పిల్లను మెచ్చుకుంటాం. ఇన్నేళ్లు రెండు చోట్ల మధ్యా తిరిగిన నాకు ఆ తేడా ఒక పదిహేనేళ్ల పిల్ల చెబితే గానీ కనిపించలేదు.

మర్నాడు పెద్ద మేడం ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పరీక్ష రాయించింది. ఎప్పుడూ వచ్చే మార్కులు రాలేదు. వారం తిరగకుండా వాళ్ల బాపు బడికి వచ్చాడు. నేను ఆఫీసు గదిలోనే ఉన్నాను. అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది.

"గిదేంది మేడం? నా బిడ్డను డ్రిల్లు సారు చేతిల వెట్టిండ్రా?" అని, నా వైపు తిరిగి, "మీ మీద నాకు కోపం లేదు సార్. కని మీరు విజిలూదే మనిషి. గిది పదోతరగతి. బంగారం అసొంటి తెలివి ఖరాబైతుంది. ఆదిలాబాద్ల ప్రైవేటు బడిల మాట్లాడొచ్చిన. టీసీ ఇయ్యిండ్రి" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్ని. కానీ ఆ పిల్ల ఆదిలాబాద్ పోతే ఏమవుతుందో కూడా నాకు కనిపిస్తోంది. అక్కడ ఫస్టు వచ్చేవాళ్లే వందమంది ఉంటారు, దాక్కోవడానికి బస్తాలు ఉండవు. ఆమె రహస్యం నా నాలుక చివర ఉంది. గుమ్మం వైపు చూశాను. చెప్పొద్దని కళ్లతోనే అడుగుతోంది. నోరు మూసుకున్నాను.

పెద్ద మేడమే అందుకుంది. "దసరా దాక ఆగుండ్రి. గప్పటికి లెక్కల సారు రాకుంటె నేనే టీసీ రాసి మీ ఇంటికి పంపిస్త." ఆయన కాసేపు ఆలోచించి, దసరా దాకా అంటే దసరా దాకానే అని చెప్పి వెళ్లిపోయాడు.

దసరా దగ్గరికి వచ్చింది, లెక్కల సారు రాలేదు. బదులుగా ఒకరోజు చెప్పాపెట్టకుండా విద్యాశాఖ అధికారి వచ్చాడు.

మేం అప్పుడు వర్గ సమీకరణాల్లో ఉన్నాం. గుమ్మంలో కొత్త మనిషి, వెనకే పెద్ద మేడం. పిల్లలు లేచారు. ఆయన నా మెడలో విజిలు చూశాడు, బోర్డు చూశాడు.

"మీరు లెక్కల సారా?"

"కాదు సార్. పీఈటీని."

ఆయన మేడం వైపు తిరిగాడు. ఆమె ఒక్క క్షణం కూడా తడబడలేదు. "నేనే పంపిన సార్. లెక్కల సారు లేడు. పిల్లలను ఖాళీగ కూసుండవెట్టుడు నాతోని కాలే. తప్పేమన్న ఉంటె నాది." ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఆమెకు మనసులో దండం పెట్టుకుంటాను. తామే పంపి, ఆ సంగతి తమకు తెలియదన్నట్టు మాట్లాడే వాళ్లనూ కొలువులో చూశాను కనుక.

ఆయన బోర్డు వైపు చెయ్యి చూపించి, "ఒక లెక్క ఇస్తా, చేయించండి చూద్దాం" అన్నాడు. ఒక దీర్ఘచతురస్రాకారపు స్థలం. పొడవు, వెడల్పు కంటే ఏడు మీటర్లు ఎక్కువ. వైశాల్యం అరవై చదరపు మీటర్లు. పొడవెంత, వెడల్పెంత?

ఇట్లాంటివి మేం చాలా చేశాం. కానీ చూసేవాళ్లు మారితే చేతులు మారిపోతాయి. ఆటగాళ్లకు నేను వందసార్లు చెప్పిన మాట అది. వెడల్పు ఎక్స్ అనుకొని సమీకరణం సరిగ్గానే రాశాను. విడగొట్టే దగ్గర తేడా ఏడు రావాలన్నది మరిచి ఇరవై, మూడు అని వేశాను, గుర్తులు కూడా తారుమారు చేశాను. వెడల్పు ఇరవై మీటర్లని తేల్చి, కింద గీత కూడా గీశాను.

"సార్, గది కాదు" అంది వెనక నుంచి కెప్టెన్. అధికారి ఉన్నాడన్న జంకు ఆమెకు లేదు. "వెడల్పు ఇరవై అయితె పొడుగు ఇరవై ఏడు. గంత జాగల మనం ఖోఖో ఆడొచ్చు. అరవై ఎట్లయితది? శాన ఎక్కువైతది."

నిజమే. లెక్క కట్టకుండానే ఆ పిల్లకు ఆ స్థలం కళ్ల ముందు కనిపించింది. నేను బోర్డు మొత్తం తుడిచేశాను. సుద్దముక్క ఎత్తాను కానీ ఏమీ తోచడం లేదు. అధికారి చేతులు కట్టుకొని నిలబడ్డాడు. పెద్ద మేడం కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మొదటి బెంచీ కదిలిన చప్పుడైంది.

ఆ అమ్మాయి లేచి వచ్చి నా చేతిలో సుద్దముక్క తీసుకుంది. ఆమెకు జవాబు తెలిసి లేచిందనుకున్నాను. కాదని వెంటనే అర్థమైంది. గుణిస్తే అరవై రావాలి, తేడా ఏడు ఉండాలి. పది, ఆరు అని రాసింది. తేడా నాలుగే. ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కూర్చుంటుందనుకున్నాను. చేత్తోనే తుడిచేసి పదిహేను, నాలుగు అని రాసింది. తేడా పదకొండు. మళ్లీ తుడిచింది.

"ఇంకోటి" అంది కెప్టెన్, చాలా మెల్లగా. తర్వాత ఇంకెవరో అన్నారు. తర్వాత గదిలో సగం మంది, గొంతు పైకి రాకుండా.

పన్నెండు, అయిదు. తేడా ఏడు. గుర్తుల దగ్గర ఆగి, పెదవులు కదుపుకుంటూ సరిచూసుకొని వేసింది. వెడల్పు అయిదు, పొడవు పన్నెండు. "అయిదు పన్నెండ్లు అరవై" అని పైకి చదివింది. పిల్లలు బెంచీలు వాయించారు. ఆపే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

అధికారి అడిగాడు, "ఈ క్లాసులో ఫస్టు ఎవరు?"

అందరూ ఆమె వైపే చూపించారు.

"ఫస్టు వచ్చే పిల్లవు, రెండుసార్లు చెరిపినవేందమ్మా?"

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "నాకు తెల్వలే సార్. ఎతికిన" అంది.

నలభై మంది ముందు, ఒక పెద్ద అధికారి ముందు, తెలివిగల్ల పిల్ల తనకు తెలియలేదని అంది. ఆమెకు ఆ మాట ఎంత బరువో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆయనకు తెలిసే అవకాశం లేదు. అయినా ఆయన కాసేపు ఆమెనే చూసి, "మంచిగ ఎతికినవ్" అన్నాడు. ఆఫీసు గదిలోకి వెళ్లాక పెద్ద మేడంతో, పక్క మండలం నుంచి ఎవరినైనా సర్దుబాటు చేస్తానని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున్నే పత్తి కాంటా ఆయన బడికి వచ్చాడు. టీసీ కోసమే అనుకున్నాను. మైదానం గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.

"పిల్ల రాత్రి నాకొక మాట చెప్పింది సార్. బస్తాల సందుల కూసోని సదువుతదట. గిన్నేండ్ల సంది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నేను ఊరంత చెప్పుకుంట తిరిగిన, పుస్తకం వట్టదని. పిల్ల గక్కడ దాసుకొని దాసుకొని సదివింది. గట్లెందుకు జేసిందంటరు?"

"మీరు ఖుషీగ ఉండాల్నని" అన్నాను.

ఆయన మైదానంలో పిల్లలు ఉరుకుతుంటే చూస్తూ కూర్చున్నాడు. లేచేటప్పుడు, "లెక్కల సారు వస్తడట గద. వస్తె మంచిదే" అని, వెంటనే నా మొహం చూసి, "మిమ్ములను అన్నట్టు గాదు సార్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. టీసీ మాట ఎత్తలేదు.

సెలవుల తర్వాత లెక్కల మేడం వచ్చింది. చిన్న వయసు, మొదటి కొలువు. వారంలో మూడు రోజులు మా బడికి, మిగతా రోజులు తన బడికి. నేను నా విజిలు తీసుకొని ఎండలోకి పోయాను. నిజం చెప్పాలంటే కొంచెం బెంగగానే ఉండింది. రెండో రోజు కెప్టెన్ ఉరుక్కుంటూ వచ్చింది.

"సార్, మీకు గూడ చెప్తదట మేడం. రమ్మంటుంది."

వెళ్లాను. చివరి బెంచీలో కెప్టెన్ పక్కకు జరిగి చోటిచ్చింది. ఆ ఏడు చివరిదాకా, ఆటల పీరియడు లేని వేళల్లో, నేను పదో తరగతి చదువుకున్నాను. ఆ మేడం నన్నూ లేపి ప్రశ్నలు అడిగేది. చెప్పకపోతే పిల్లలు నా తరఫున చెప్పేవాళ్లు. మేడం రాని రోజుల్లో పాత పద్ధతే. పత్తి ఏరే కాలంలో కెప్టెన్ తల్లితో చేలకు పోయి బడికి రాలేదు. వాళ్లు తల్లిని ఆయి అంటారు. "ఆయి ఒక్కతె ఎంతని ఏర్తది సార్?" అంది. ఏమంటాను? తిరిగి వచ్చాక మొదటి బెంచీ అమ్మాయి తనంతట తానే వెనక బెంచీకి మారి, పోయిన పాఠాలు ఆమెకు చెప్పింది. జవాబు రాగానే అది అసలు కుదిరే జవాబేనా అని ఒకసారి కళ్లు మూసుకొని చూడటం కెప్టెన్ ఈమెకు నేర్పింది.

ఫలితాలు వచ్చాయి. మొదటి బెంచీ అమ్మాయికి లెక్కల్లో పదికి పది రాలేదు. ఊరు కొంచెం నిరాశపడింది, ఆమె పడలేదు. కెప్టెన్ లెక్కల్లో శుభ్రంగా పాసైంది. తెలుగులో తప్పింది.

మా తెలుగు సారు ఆ రోజు స్టాఫ్‌రూములో ఫలితాల కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాడు. "తమ్మీ, నా దాంట్ల తప్పింది" అన్నాడు. నేను ఆటపట్టించి ఉండొచ్చు. ఆయన మొహం చూశాక మనసు రాలేదు. సప్లిమెంటరీ దాకా ఆయన మండే ఎండలో నిర్మల్ నుంచి బస్సెక్కి వచ్చి, మూసి ఉన్న బడిలో ఒక గది తీయించి, ఆ ఒక్క పిల్లకు పాఠం చెప్పాడు. ఆమె మరాఠీలో ఆలోచించి తెలుగులో రాస్తోందని, ఇన్నాళ్లూ తాను తప్పులు దిద్దింది ఆ అనువాదాన్నే గాని ఆమె తెలివిని కాదని ఆయనకు రెండో రోజే తెలిసిందట. మరాఠీ మాటలు నాలుగు తానూ నేర్చుకున్నాడు. పిల్ల పాసైంది. తర్వాత ఎప్పుడో నేను అడిగాను.

"అన్నా, పిల్లలు ఎన్ని తీర్లు?"

"నాకు తెల్వది తమ్మీ" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

నాకూ తెలియదు. మార్కుల కాగితం పనికిరానిదని మీకు చెప్పను. అది ఒక పూట ఒక గదిలో పిల్ల ఏం రాసిందో చెబుతుంది. బస్తాల మధ్య దాక్కొని రాసిందా, చేనుకు పోయి వచ్చి రాసిందా, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో రాసిందా చెప్పదు. అది చెప్పవలసినవాళ్లం మనం. మనకు తెలియాలంటే మూలన ఉన్న గదుల్లోకి వెళ్లి పిల్లల పక్కన కింద కూర్చోవాలి. నేను అక్కడికి తెలివి వల్ల పోలేదు, లెక్కల సారు రాకపోవడం వల్ల పోయాను. అందుకే ఆ ఖాళీకి కూడా కృతజ్ఞుణ్నే. ఫోన్లో రోజూ విసుక్కోకుండా చెప్పిన మిత్రుడికి, తప్పంతా తన మీద వేసుకున్న పెద్ద మేడంకు, ముసలి విద్యార్థికి బెంచీ ఇచ్చిన చిన్న మేడంకు, వీళ్లందరికీ ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

పోయిన వేసవిలో నాకొక ఫోన్ వచ్చింది. మొదటి బెంచీ అమ్మాయి. ఇంటరు అయిపోయి, ఇంజనీరింగుకు పెద్ద ప్రవేశ పరీక్ష రాసిందట.

"రాలే సార్" అంది.

నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటుండగానే, "ఫికర్ లేదు సార్, మల్ల రాస్త. బాపుకు నేనే చెప్పిన. మీకు గూడ నేనే చెప్పాల్నని చేసిన" అంది. గొంతులో దుఃఖం లేదు. సిగ్గు అసలే లేదు.

పాసయ్యామని ఫోన్ చేసిన పిల్లలు నా కొలువులో చాలామంది ఉన్నారు. తప్పానని చెప్పడానికి చేసింది ఆమె ఒక్కతే. ఏదో ఒకటి అనాలి కనుక, "ఎక్కడ తప్పింది బిడ్డా?" అన్నాను.

"ఒక లెక్క శాన సతాయించింది సార్. ఇనండ్రి, చెప్త" అని ప్రశ్న చదవడం మొదలుపెట్టింది. మొదటి ముక్క దగ్గరే నాకు అర్థం కావడం ఆగిపోయింది. అయినా కుర్చీ లాక్కొని కూర్చొని, "మల్లొకసారి మెల్లగ చదువు" అన్నాను.